తెలుగు చక్కగా కనపడే బ్లాగు థీమ్‌ను మొదటిసారి మీరే కట్టుకోవడం ఎలా

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల ముందు ఎప్పుడైనా కాసేపు నిలబడ్డారా? ఛాసిస్, ఇంజను కంపెనీ నుంచి వస్తాయి. బాడీ ఇక్కడ కడతారు. ఆ పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ బండి ఏ లోడు మోయాలి? ఇసుక తోలే బండికి ఒక రకం బాడీ కావాలి. గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు వేసుకెళ్లే బండికి ఇంకో రకం కావాలి, ఎందుకంటే మిర్చికి బరువు తక్కువ, చోటు ఎక్కువ.

బ్లాగు విషయంలో, బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఆ ఛాసిస్ అనుకోండి. థీమ్, అంటే బ్లాగు పైకి కనపడే రూపం, దాని మీద కట్టే బాడీ. మీ వ్యాసాలు, ఫొటోలు లోడు. వ్యాసాలు డేటాబేస్‌లో ఉంటాయి, ఫొటోలు అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంటాయి. థీమ్ మార్చినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కొత్తగా నేర్చుకునేవాళ్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది.

మార్కెట్లో దొరికే రెడీమేడ్ థీమ్‌లు చాలావరకు ఇంగ్లిష్ లోడుకు కొలతపెట్టి కట్టినవి. ఇది నాకు మా పిన్ని వల్ల తెలిసింది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది. వంటల బ్లాగు పెట్టుకుంటానంటే డబ్బు పెట్టి ఒక థీమ్ కొని, వేసి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. ‘ఏరా, పచ్చడిలో చ వత్తు ఏది? పచడి అని కనపడుతోంది’ అంది. చూస్తే నిజమే. శీర్షికల్లో వత్తులన్నీ కింద తెగిపోయాయి. ఆ డిజైన్ చేసినవాళ్ల తప్పు అనను. వాళ్లు కొలిచిన అక్షరాలకు కింద వత్తులు వేలాడవు. మన అక్షరాలకు వేలాడతాయి. ఆ రోజు నుంచే థీమ్‌లు కట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. మీకూ అదే దారి చెబుతాను: హోమ్‌పేజీతోనో స్లైడర్‌తోనో కాకుండా, తెలుగులో రాసిన ఒక్క పేరాతో మొదలుపెట్టే దారి.

ముందు ఒక మాట. ఫైళ్లు, ట్యాగ్‌లు, ఫంక్షన్ల పేర్లన్నీ కంప్యూటర్లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఇక్కడ వాటిని పలికే తీరులో రాస్తున్నాను. ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టమనే ఆదేశం) పేరులో రెండు మాటల మధ్య ఖాళీ కనపడిన ప్రతిచోటా అండర్‌స్కోర్ ఉందనుకోండి.

మొదటి పని: పాడైనా పర్వాలేదనిపించే చోటు

నడుస్తున్న బ్లాగు మీద ప్రయోగాలు వద్దు. మీ కంప్యూటర్లోనే వర్డ్‌ప్రెస్ పెట్టుకోండి. ‘లోకల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నాలుగు క్లిక్కుల్లో అయిపోతుంది. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ గ్జాంప్ వాడినా ఫలితం ఒక్కటే, కాకపోతే డేటాబేస్ మీరే తయారుచేసుకోవాలి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ముందు చూద్దామనుకుంటే వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ ఉంది, అది బ్రౌజర్లోనే నడుస్తుంది. అయితే ట్యాబ్ మూస్తే చేసిన పని పోవచ్చు కాబట్టి రుచి చూడటానికి మాత్రమే వాడండి.

ఎడిటర్‌గా వీఎస్ కోడ్ చాలు. ఫైళ్లు యూటీఎఫ్ 8 లోనే (తెలుగు అక్షరాలు చెడిపోకుండా దాచే పద్ధతి) సేవ్ అయ్యేలా చూసుకోండి.

వర్డ్‌ప్రెస్ తెరవగానే సెట్టింగ్స్‌లో జనరల్‌కు వెళ్లి సైట్ భాషను తెలుగుగా మార్చండి. దీనివల్ల పేజీ మొదట్లో ‘ఇది తెలుగు’ అని బ్రౌజర్‌కు చెప్పే గుర్తు పడుతుంది. పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లకు అది పనికొస్తుంది. అడ్మిన్ మెనూలు తెలుగులో కనపడితే ఇబ్బంది అనుకునేవాళ్లు తమ ప్రొఫైల్లో వాటి వరకు ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత నాలుగైదు అసలైన తెలుగు వ్యాసాలు అందులో వేయండి. అర్థంలేని నమూనా ఇంగ్లిష్ పేరాలు వేసుకుని డిజైన్ చేస్తే లోడు చూడకుండా బాడీ కట్టినట్టే. ఒక వ్యాసానికి ఒక్క మాట శీర్షిక, ఇంకోదానికి మూడు వరుసలు పట్టే శీర్షిక పెట్టండి. ఒకదాంట్లో ఫొటో ఉండాలి, ఒకదాంట్లో ఉండకూడదు. స్త్రీ, రాష్ట్రం, కృష్ణా, పచ్చళ్లు, వైశిష్ట్యం లాంటి మాటలు శీర్షికల్లో కావాలని ఇరికించండి. మీ థీమ్ ఈ మాటల్ని మోయగలిగితే తెలుగులో దేన్నైనా మోస్తుంది.

రెండో పని: వర్డ్‌ప్రెస్ లేకుండా ఒక్క పేజీ

ఇక్కడ తొందరపడొద్దని బతిమాలుకుంటున్నాను. చాలామంది వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీతో మొదలుపెట్టి, రెండో రోజే ఎర్రర్లు చూసి మానేస్తారు. మీరు ముందు మామూలు హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముండాలో రాసేది), సీఎస్ఎస్‌తో (అది ఎలా కనపడాలో రాసేది) ఒకే ఒక్క వ్యాసం పేజీ తయారుచేయండి. పైన బ్లాగు పేరు, కింద వ్యాసం శీర్షిక, తేదీ, పది పేరాలు, రెండు ఉపశీర్షికలు, ఒక ఫొటో. అంతే. ఈ పేజీ మీద రెండు వారాలు కూర్చున్నా వృథా కాదు. చదివేవాళ్లు ఎక్కువసేపు గడిపేది ఈ పేజీలోనే.

మొదట ఫాంట్ సంగతి. మీరు ఏ ఫాంటూ చెప్పకపోతే ప్రతి పరికరం తన దగ్గరున్నది చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ లేదా గౌతమి, యాపిల్ పరికరాల్లో ఇంకోటి. ఒకే సైజు చెప్పినా ఒక్కోదాంట్లో అక్షరం ఒక్కో పరిమాణంలో కనపడుతుంది. అందుకే వెబ్ ఫాంట్ పెట్టుకోవడం మంచిది. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి, అన్నీ ఉచితం. హింద్ గుంటూరు అనే ఫాంటే ఉంది, మన ఊరి పేరుతో. దానికి సన్నం నుంచి లావు వరకు 5 మందాలున్నాయి, లోపలి ఇంగ్లిష్ అక్షరాలు కూడా పొందికగా ఉంటాయి. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు ఇంకా ఎక్కువ మందాల్లో దొరుకుతాయి. మండలి చదవడానికి బాగుంటుంది. రామభద్ర శీర్షికలకు నిండుగా ఉంటుంది.

మండలి, రామభద్రలకు ఒక్కటే మందం. శీర్షికలను బ్రౌజర్ తనంతట తాను బోల్డ్ చేస్తుంది. రామభద్ర అసలే లావు, దానికి ఈ దొంగ బోల్డ్ కూడా తోడైతే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయి చ ఏదో వ ఏదో తెలియదు. అందుకని ఒకే మందం ఉన్న ఫాంట్ వాడిన చోట ఫాంట్ వెయిట్‌ను నార్మల్ అని మీరే రాయండి. ఇలాగే ఇటాలిక్ కూడా. తెలుగు ముద్రణలో వాలు అక్షరాల సంప్రదాయం లేదు. బ్రౌజర్ మామూలు అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది, కళ్లకు కష్టం. నొక్కి చెప్పే మాటలకు ఫాంట్ స్టైల్ నార్మల్ అని పెట్టి, మందమో రంగో మార్చండి.

ఇప్పుడు మా పిన్ని చ వత్తు దగ్గరకు వద్దాం. సీఎస్ఎస్‌లో లైన్ హైట్ అనే కొలత ఉంటుంది, అంటే ఒక వరుసకు కేటాయించే ఎత్తు. ఇంగ్లిష్ శీర్షికలకు 1.1, 1.2 పెట్టడం మామూలు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. 1.1 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లోకి దూరతాయి. అదే పెట్టెకు ఓవర్‌ఫ్లో హిడెన్ కూడా ఉంటే, పెట్టె దాటిన భాగం కనపడకుండా పోతుంది. వత్తు తెగేది అక్కడే. కొన్న థీమ్‌లో అచ్చం ఇదే జరిగింది.

నా అనుభవంలో నిలబడ్డ కొలతలివి. పేరాలకు అక్షరం 18 పిక్సెల్స్, లైన్ హైట్ 1.8. శీర్షికలకు లైన్ హైట్ 1.4 నుంచి 1.5. ఫాంట్‌ను బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది, స్త్రీ, రాష్ట్రం పెట్టి మీరే చూసుకోండి. లైన్ హైట్ రాసేటప్పుడు పిక్సెల్స్ అనో శాతం అనో రాయకుండా ఉత్త అంకె రాయండి. అప్పుడు అక్షరం పెద్దదైన చోట వరుస కూడా దానంతట అదే పెరుగుతుంది. వ్యాసం వెడల్పు 640, 680 పిక్సెల్స్ దాటనివ్వకండి. పెద్ద స్క్రీన్ మీద వరుస మరీ పొడవైతే చివర నుంచి మళ్లీ మొదటికి వచ్చేసరికి కన్ను దారి తప్పుతుంది.

లెటర్ స్పేసింగ్‌ను తాకకండి. ఇంగ్లిష్ శీర్షికలను బిగుతుగా చూపించడానికి చాలా థీమ్‌లలో మైనస్ విలువ పెడతారు, తెలుగులో అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. మెనూలకు ప్లస్ విలువ పెట్టి పెద్దక్షరాలుగా మార్చడం ఇంకో అలవాటు. మనకు పెద్దక్షరాలు లేవు కాబట్టి ఆ మార్పు కనపడదు, ఎడం మాత్రం మిగిలి మాట విడిపోయినట్టు ఉంటుంది.

రెండు వైపులా సమంగా ఉండే జస్టిఫై కూడా వద్దు. తెలుగు మాటలు పొడుగు. ‘మాట్లాడుకుంటున్నప్పుడు’ లాంటి మాట ఒక వరుసలో పట్టక కిందికి పోతే, పై వరుసలో మిగిలిన మూడు మాటల మధ్య బారెడు ఖాళీలు వస్తాయి. ఎడమ వైపు సమంగా ఉంటే చాలు. ఫోన్లో మరీ పొడవైన మాట అంచు దాటకుండా ఓవర్‌ఫ్లో ర్యాప్‌కు బ్రేక్ వర్డ్ అని పెట్టండి.

బటన్లకు ఎత్తు కొలతపెట్టి బిగించకండి. పైన కింద ప్యాడింగ్ (అక్షరాలకూ అంచుకూ మధ్య ఖాళీ) ఇచ్చి వదిలేయండి. ‘వ్యాఖ్య పంపండి’ అన్న బటన్‌కు 32 పిక్సెల్స్ ఎత్తు అని బిగిస్తే, ఫోన్లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్న పెద్దవాళ్లకు యవత్తు తెగుతుంది.

రంగుల విషయంలో ఫ్యాషన్ కోసం లేత బూడిద అక్షరాలు పెట్టకండి. మే నెల ఎండలో విజయవాడ నెహ్రూ బస్టాండు బయట నిలబడి ఫోన్లో చదివే మనిషిని ఊహించుకోండి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్‌లో రంగు గడి మీద నొక్కితే ఆ నిష్పత్తి చూపిస్తుంది. పిన్ని బ్లాగుకు మిరప ఎరుపు కావాలని పట్టుబట్టింది. లింకులకు, శీర్షిక కింది గీతకు మాత్రమే ఎరుపు వాడి, రాత అంతా నలుపులో ఉంచాను. ఆమెకూ నచ్చింది.

ఇన్‌స్పెక్టర్ అన్నాను కదా, పేజీ మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కితే వచ్చే కిటికీ అది. అక్కడ ఏ కొలతైనా మార్చి అప్పటికప్పుడు చూడొచ్చు, పేజీ రీలోడ్ చేస్తే పోతుంది. ఫోన్ బొమ్మ నొక్కి వెడల్పు 360 పిక్సెల్స్ పెట్టండి. ముందు ఆ వెడల్పులో బాగుండేలా రాసి, తర్వాత మీడియా క్వెరీలతో (ఇంత వెడల్పు దాటితే ఇలా చూపించు అనే సీఎస్ఎస్ నియమాలు) పెద్ద స్క్రీన్లకు మార్పులు చేయడం సులువు. పేజీ తలలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మరిచిపోతే ఫోన్ మీ పేజీని కంప్యూటర్ పేజీ అనుకుని చీమలంత చేసి చూపిస్తుంది.

మూడో పని: ఆ పేజీని థీమ్‌గా మార్చడం

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది, థీమ్‌ల ఏర్పాటు 2005లో 1.5 వెర్షన్‌తో వచ్చింది. అప్పటి నుంచి పీహెచ్‌పీ ఫైళ్లతో థీమ్ కట్టే ఈ క్లాసిక్ పద్ధతి మూలం మారలేదు. రెండు ఫైళ్లుంటే థీమ్ అయిపోతుంది.

వర్డ్‌ప్రెస్ ఫోల్డర్లో డబ్ల్యూపీ కంటెంట్, అందులో థీమ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అక్కడ మీ థీమ్‌కు కొత్త ఫోల్డర్ పెట్టండి. పేరు మరీ మామూలుది వద్దు. వర్డ్‌ప్రెస్ థీమ్‌ల డైరెక్టరీలో అదే పేరుతో ఇంకో థీమ్ ఉంటే, ఎప్పుడో అప్‌డేట్ వచ్చి మీ పని మీద పడొచ్చు. ఇంటిపేరో ఊరి పేరో కలపండి.

ఆ ఫోల్డర్లో మొదటిది స్టైల్ డాట్ సీఎస్ఎస్. దాని మొదట్లో కామెంట్ గుర్తుల మధ్య థీమ్ నేమ్ అని రాసి, కోలన్ పెట్టి, పేరు రాయాలి. కింద ఆథర్, వెర్షన్ వరుసలు. వర్డ్‌ప్రెస్ మీ థీమ్‌ను గుర్తుపట్టేది ఈ కామెంట్ చదివే. దాని తర్వాత మీరు రెండు వారాలు కూర్చుని రాసిన సీఎస్ఎస్ అంతా అతికించండి. రెండోది ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ. అందులో మీ హెచ్‌టీఎంఎల్ పేజీని యథాతథంగా వేయండి. అప్పియరెన్స్‌లో థీమ్స్ తెరిస్తే మీ థీమ్ పేరు కనపడుతుంది. యాక్టివేట్ చేయండి.

సైట్ తెరిస్తే అక్షరాలు ఏ అలంకారమూ లేకుండా వస్తాయి. కంగారుపడొద్దు. స్టైల్ ఫైల్ ఉన్నంత మాత్రాన పేజీకి అతుక్కోదు, మనం చెప్పాలి. దానికి మూడో ఫైల్, ఫంక్షన్స్ డాట్ పీహెచ్‌పీ. ఒక చిన్న ఫంక్షన్ రాసి అందులో డబ్ల్యూపీ ఎన్‌క్యూ స్టైల్‌ను పిలిచి, స్టైల్ ఫైల్ చిరునామాగా గెట్ స్టైల్‌షీట్ యూఆర్ఐ ఇవ్వాలి. ఆ ఫంక్షన్‌ను యాడ్ యాక్షన్‌తో డబ్ల్యూపీ ఎన్‌క్యూ స్క్రిప్ట్స్ అనే కొక్కేనికి (వర్డ్‌ప్రెస్ పేజీ తయారుచేస్తూ మన పనిని పిలిచే చోటు) తగిలించాలి. ఇదే ఫైల్లో యాడ్ థీమ్ సపోర్ట్‌తో రెండు సౌకర్యాలు అడగండి: బ్రౌజర్ ట్యాబ్‌లో శీర్షిక రావడానికి టైటిల్ ట్యాగ్, వ్యాసానికి ముఖచిత్రం పెట్టుకోవడానికి పోస్ట్ థంబ్‌నెయిల్స్. ఈ రెండు పేర్లలో మాత్రం మాటల మధ్య అండర్‌స్కోర్ కాదు, మామూలు అడ్డగీత వస్తుంది.

తర్వాత హెచ్‌టీఎంఎల్ హెడ్ ట్యాగ్ ముగిసేముందు డబ్ల్యూపీ హెడ్, బాడీ ట్యాగ్ ముగిసేముందు డబ్ల్యూపీ ఫుటర్ అనే పిలుపులు తప్పకుండా ఉండాలి. ఎన్‌క్యూ చేసిన స్టైల్ వచ్చి చేరేది హెడ్ దగ్గరే, ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనులు నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్లు) తమ సామాను దించుకునేది కూడా ఈ రెండు చోట్లే. లాగిన్ అయినప్పుడు పైన నల్లటి పట్టీ రావడం లేదంటే ఫుటర్ పిలుపు మరిచిపోయారేమో చూడండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ లోపల లాంగ్వేజ్ యాట్రిబ్యూట్స్ పిలిస్తే, మొదట మనం పెట్టిన తెలుగు గుర్తు అక్కడ పడుతుంది.

ఇప్పుడు అసలు యంత్రం, లూప్. యార్డులో హమాలీ లారీ దించుతున్నట్టే ఊహించుకోండి. ఇంకో టిక్కీ ఉందా? ఉంటే భుజానికెత్తుకో, దించు, మళ్లీ రా. హ్యావ్ పోస్ట్స్ అనేది ‘ఇంకో వ్యాసం ఉందా’ అన్న ప్రశ్న. ది పోస్ట్ అనేది దాన్ని భుజానికెత్తుకోవడం. ఎత్తుకున్నాక ది టైటిల్ శీర్షికను, ది కంటెంట్ వ్యాసాన్ని, ది పర్మాలింక్ దాని చిరునామాను దించుతాయి. వైల్ అనే చక్రం ఈ పనిని వ్యాసాలు అయిపోయేదాకా తిప్పుతుంది. మీ హెచ్‌టీఎంఎల్ పేజీలో చేత్తో రాసిన శీర్షిక ఉన్నచోట ది టైటిల్, పేరాలున్న చోట ది కంటెంట్ పెట్టడమే మీరు చేయాల్సింది.

తేదీ దగ్గర ఒక గుంట ఉంది. ది డేట్ అనే ఫంక్షన్ ఒకే రోజు రాసిన వ్యాసాలు పేజీలో వరుసగా ఉంటే మొదటిదానికే తేదీ చూపిస్తుంది. రెండోదానికి ఎందుకు రాలేదో తెలియక నేనో సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. గెట్ ది డేట్ వాడి ఎకో (పేజీలో చూపించమనే ఆదేశం) చేయండి, ప్రతిదానికీ వస్తుంది.

ఫైళ్లు విడదీయడం

ఇప్పటిదాకా అంతా ఇండెక్స్‌లోనే ఉంది. పై భాగాన్ని హెడర్ ఫైల్‌గా, కింది భాగాన్ని ఫుటర్ ఫైల్‌గా కత్తిరించి, వాటి స్థానంలో గెట్ హెడర్, గెట్ ఫుటర్ అని రాయండి. ఇక వ్యాసం పేజీకి సింగిల్ డాట్ పీహెచ్‌పీ, ‘నా గురించి’ లాంటి వాటికి పేజ్, వర్గాల జాబితాకు ఆర్కైవ్, దొరకని చిరునామాకు 404. వర్డ్‌ప్రెస్‌కు ఒక వెతుకులాట క్రమం ఉంది. వ్యాసం తెరిస్తే సింగిల్ ఉందా చూస్తుంది, లేకపోతే సింగ్యులర్, అదీ లేకపోతే ఇండెక్స్. ఏది లేకపోయినా చివరికి ఇండెక్స్ దగ్గరకు వస్తుంది. కాబట్టి అన్నీ ఒకేసారి రాయాల్సిన పని లేదు, అవసరమైనప్పుడు ఒక్కోటి కలుపుకోవచ్చు.

జాబితా పేజీలో మొత్తం వ్యాసం బదులు ది ఎక్సెర్ప్ట్ వాడతాం. అది మామూలుగా 55 మాటలు చూపిస్తుంది. తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఫోన్లో ఒక్కో వ్యాసానికే స్క్రీన్ నిండిపోతుంది. ఎక్సెర్ప్ట్ లెంగ్త్ అనే ఫిల్టర్‌తో దాన్ని 25కు తగ్గించండి. పేజీ కింద ముందు, వెనక లింకులకు ది పోస్ట్స్ పాజినేషన్ ఉంది. అందులో ‘పాత వంటలు’, ‘కొత్త వంటలు’ అని మీకు నచ్చిన మాటలు రాసుకోవచ్చు.

థీమ్ పని కాకపోయినా ఇక్కడే చెప్పాల్సింది ఒకటుంది. తెలుగు శీర్షిక పెట్టగానే వర్డ్‌ప్రెస్ చిరునామాను కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. లోపల మాత్రం ఒక్కో అక్షర భాగం, అంటే హల్లు, గుణింతం, పొల్లు దేనికదే, 9 గుర్తులుగా మారుతుంది. ‘గోంగూర పచ్చడి’కే 109 గుర్తులు. దాచే చోటు 200 గుర్తులే, ఆపైన చిరునామా మధ్యలో తెగిపోతుంది. లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల గొలుసులా కనపడొచ్చు. వ్యాసం ప్రచురించే ముందే చిరునామాను ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా మార్చుకోండి.

తెల్ల తెర వచ్చినప్పుడు

వస్తుంది. ఫంక్షన్స్ ఫైల్లో ఒక్క సెమీకోలన్ మరిచిపోతే సైట్ మొత్తం ఆగిపోయి, తెల్ల తెరో తీవ్రమైన లోపం ఉందన్న వాక్యమో కనపడుతుంది. డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్లో డబ్ల్యూపీ డీబగ్‌ను ట్రూ చేస్తే ఏ ఫైల్, ఎన్నో వరుస అని చెబుతుంది. చెప్పిన వరుసలో తప్పు కనపడకపోతే దాని పై వరుస చూడండి, మరిచిపోయిన సెమీకోలన్ అక్కడే ఉంటుంది. అడ్మిన్‌లోకి కూడా వెళ్లలేకపోతే మీ థీమ్ ఫోల్డర్ పేరు మార్చండి. ఆ తర్వాత అడ్మిన్‌లో థీమ్స్ పేజీ తెరిస్తే, వర్డ్‌ప్రెస్‌తో వచ్చిన థీమ్ ఒకటి అక్కడ ఉంటే దాంతో సైట్ లేస్తుంది.

ఎక్కడినుంచో కాపీ చేసిన కోడ్‌లో కొటేషన్ గుర్తులు వంకరగా ఉంటే పీహెచ్‌పీకి అర్థం కావు, నిటారు గుర్తులుగా మార్చండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో మరిచిపోయి కోడ్ రాస్తే కంటికి కనపడని గుర్తులు మధ్యలో చేరతాయి. మనకు ‘పీహెచ్‌పీ’ అని విడిగా రాయడానికి పనికొచ్చే ఆ కనపడని గుర్తే కోడ్‌లో విషం. వరుస అంతా సరిగ్గానే ఉండి పనిచేయకపోతే దాన్ని చెరిపేసి మళ్లీ టైప్ చేయడం ఉత్తమం. పీహెచ్‌పీ మొదలయ్యే గుర్తుకు ముందు ఖాళీ వరుస ఉన్నా కొన్నిసార్లు గొడవే.

వేరే దారుల గురించి

మీకు ఉన్న థీమ్ దాదాపు నచ్చి, రెండు మూడు మార్పులే కావాలంటే మొత్తం కట్టక్కర్లేదు, చైల్డ్ థీమ్ చేయండి. కొత్త ఫోల్డర్లో స్టైల్ ఫైల్ పెట్టి, పై కామెంట్‌లో టెంప్లేట్ అనే వరుసలో అసలు థీమ్ ఫోల్డర్ పేరు రాయాలి. అసలు థీమ్ ఫైళ్లలో నేరుగా మార్పులు చేయడం మాత్రం వద్దు. పిన్ని బ్లాగుకు మొదట నేను చేసింది అదే. పది రోజుల తర్వాత అప్‌డేట్ నొక్కితే దిద్దిన వత్తులన్నీ మళ్లీ తెగాయి.

2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి బ్లాక్ థీమ్‌లు కూడా ఉన్నాయి. వాటిలో టెంప్లేట్లు పీహెచ్‌పీ కాకుండా హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు, రంగులు, అక్షర కొలతలు థీమ్ డాట్ జేసన్ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి. మున్ముందు ఆ దారే ఎక్కువ నడుస్తుందని నా నమ్మకం. అయినా క్లాసిక్ థీమ్ ఒకటి చేత్తో కట్టాకే అటు వెళ్లమంటాను, లోపల ఏం జరుగుతోందో తెలిసి వెళ్తారు. చదివి నేర్చుకోవడానికి ట్వంటీ ట్వంటీ వన్ థీమ్ తెరవండి. వర్డ్‌ప్రెస్‌తో వచ్చిన క్లాసిక్ థీమ్‌లలో అది ఆఖరిది, ఫైళ్లలో వివరణలు ఓపికగా రాసి ఉంటాయి.

డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్‌లు ఉచితం అంటూ పంచే చోట్ల నుంచి మాత్రం ఏదీ తేవద్దు. అలాంటి వాటిలో మీ సైట్‌ను వాడుకునే దొంగ కోడ్ దూర్చి ఉండటం మామూలు. కొత్తవాళ్లు దాన్ని కనిపెట్టలేరు.

అసలు బ్లాగులో పెట్టడం

ముందు ఇంట్లో ఉన్న అతి చవక ఆండ్రాయిడ్ ఫోన్లో చూడండి. అమ్మకో పిన్నికో ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఒక వ్యాసం వెతికి చదవమనండి. వాళ్లు ఎక్కడ ఆగారో పక్కన కూర్చుని రాసుకోండి. మా పిన్ని మెనూ కోసం మూడు గీతల బొమ్మను గుర్తుపట్టలేదు. పక్కన ‘మెనూ’ అని తెలుగులో రాశాక వెంటనే నొక్కింది.

ఫాంట్ ఫైళ్లను గూగుల్ నుంచి రప్పించుకోకుండా థీమ్ ఫోల్డర్లోనే పెట్టి ఫాంట్ ఫేస్ నియమంతో కలపొచ్చు. రెండు మందాలకు మించి పెట్టకండి. తెలుగు ఫాంట్లో ఒత్తక్షరాల రూపాలు చాలా ఉంటాయి కాబట్టి ఫైల్ బరువు. ఫాంట్ డిస్‌ప్లేకు స్వాప్ అని రాస్తే, ఫాంట్ దిగేలోపు ఫోన్లో ఉన్న అక్షరాలతోనైనా వ్యాసం కనపడుతుంది.

థీమ్ చెక్ అనే ఉచిత ప్లగిన్‌తో ఒకసారి పరీక్షించి, అసలు సైట్ డేటాబేస్, ఫైళ్లు రెండూ బ్యాకప్ తీసుకుని, థీమ్ ఫోల్డర్‌ను జిప్ చేసి, అప్పియరెన్స్‌లో థీమ్స్, యాడ్ న్యూ, అప్‌లోడ్ దారిలో ఎక్కించండి. యాక్టివేట్ చేశాక మెనూలు, విడ్జెట్లు మళ్లీ వాటి చోట్లలో పెట్టుకోవాల్సి రావచ్చు.

ఆ తర్వాత స్టైల్లో ఏదైనా దిద్దితే, మీకు కనపడిన మార్పు పాత పాఠకులకు కనపడకపోవచ్చు. వాళ్ల బ్రౌజర్ పాత ఫైల్‌నే దాచుకుని చూపిస్తుంటుంది. ఎన్‌క్యూ చేసిన చోట వెర్షన్ అంకె ఇచ్చి, దిద్దిన ప్రతిసారీ దాన్ని 1.0 నుంచి 1.1కు, 1.2కు పెంచుతూ పోండి. అంకె మారగానే అందరి ఫోన్లలోకీ కొత్త ఫైల్ వస్తుంది.